రెండో బిడ్డ ఎవరి కోసం?

దంపతులు మొదటి బిడ్డను దత్తత తీసుకున్నప్పుడు ఎందుకని ఎవరూ అడగరు. పెళ్లయి పదేళ్లయింది, పిల్లలు కలగలేదు, తెచ్చుకున్నారు. కారణం అందరికీ తెలిసిందే అనుకుంటారు. అదే దంపతులు నాలుగైదేళ్ల తర్వాత మరో బిడ్డ కోసం దరఖాస్తు చేసుకుంటే మాత్రం చుట్టాల దగ్గర్నుంచి విహారంలో పక్కన కూర్చునే ఉపాసకుల దాకా అందరూ ఒకటే మాట అంటారు: “ఒకరున్నారు కదా, మళ్లీ ఎందుకు?”

ఈ మాట అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. పిల్లల సంక్షేమం కోసం పనిచేస్తూ, ఏళ్ల తరబడి దత్తత కుటుంబాలతో కూర్చుని మాట్లాడుతూ వస్తున్న మాకు మాత్రం ఈ ప్రశ్న విలువైనదిగానే తోస్తుంది. అందులో మొదటి దత్తత గురించి కూడా ఒక తీర్పు దాగి ఉంది. ‘ఒకరున్నారు కదా’ అంటే ఇంట్లో ఒక ఖాళీ ఉండేది, అది నిండింది అని అర్థం. మొదటి బిడ్డ ఆ ఖాళీని నింపడానికి వచ్చాడన్న మాట. మరి ఖాళీ లేని ఇంటికి వచ్చే బిడ్డ దేనికోసం వస్తున్నట్టు?

మొదటి దత్తతలో మన అవసరమూ బిడ్డ అవసరమూ కలిసిపోయి ఉంటాయి. ఏది ఎంతో విడదీసి చూడడం కష్టం. రెండో దత్తత నాటికి ఆ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. బుద్ధుణ్ణి, బాబాసాహెబ్‌ను అనుసరిస్తున్న మనం దత్తత విషయంలో మనల్ని మనం పరీక్షించుకోవలసింది అక్కడేనని మా అభిప్రాయం.

పిండం లెక్క

దత్తతకు మన దేశంలో ఉన్న పాత అర్థాన్ని ముందు గుర్తు చేసుకుందాం. కొడుకు లేనివాడికి పున్నామ నరకం తప్పదన్నారు. తలకొరివి పెట్టేవాడు, తద్దినం పెట్టేవాడు లేకపోతే పితరులకు గతి లేదన్నారు. ఆ భయంలోంచి వచ్చినదే దత్తపుత్రుడి ఏర్పాటు. బ్రిటిష్ కాలంలో కోర్టులు అమలు చేసిన హిందూ న్యాయం దీన్నే స్థిరపరచింది. దత్తుడు తమ కులంవాడై ఉండాలి. ఆడపిల్ల దత్తత సాధారణంగా చెల్లదు. ఒక కొడుకు బతికి ఉండగా మరొకణ్ణి తెచ్చుకోవడమూ చెల్లదు. పిండం పెట్టడానికి ఒకడు చాలు కదా!

బాబాసాహెబ్ న్యాయశాఖ మంత్రిగా నడిపించిన హిందూ కోడ్ బిల్లులో దత్తత కూడా ఒక భాగం. ఆ బిల్లును ముందుకు సాగనివ్వకపోవడం 1951 సెప్టెంబరులో ఆయన రాజీనామాకు ఒక ముఖ్య కారణం. తర్వాత ఆ బిల్లునే ముక్కలు చేసి వేర్వేరు చట్టాలుగా తెచ్చారు. వాటిలో ఒకటైన హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956 డిసెంబరు 21న అమల్లోకి వచ్చింది. అప్పటికి బాబాసాహెబ్ పరినిర్వాణం పొంది పదిహేను రోజులైంది.

ఆ చట్టం చేసిన మేలు తక్కువేమీ కాదు. ఆడపిల్లను దత్తత తీసుకోవచ్చంది. కులం ఒకటే కావాలన్న షరతు తీసేసింది. పెళ్లికాని స్త్రీకి, వితంతువుకు సొంతంగా దత్తత హక్కు ఇచ్చింది. అయినా 11వ సెక్షన్‌లో పాత లెక్క మిగిలిపోయింది. మగపిల్లవాణ్ణి దత్తత తీసుకోవాలంటే ఆ దంపతులకు కొడుకుగానీ, మనవడుగానీ, మునిమనవడుగానీ బతికి ఉండకూడదు. కన్నవాడైనా, దత్తుడైనా ఒకటే. ఆడపిల్ల కావాలంటే కూతురుగానీ, కొడుకు కూతురుగానీ ఉండకూడదు. కొడుకు, మనవడు, మునిమనవడు అనే ఆ ముగ్గురి పేర్లు కలిపి చదవండి. ఒక మనిషికి పిండం పెట్టడానికి అర్హులని శాస్త్రం చెప్పిన మూడు తరాలు అవే. పిండం అన్న మాట చట్టంలో ఎక్కడా లేకపోయినా లెక్క మాత్రం పిండానిదే.

అదే చట్టం 2వ సెక్షన్ తాను ఎవరికి వర్తిస్తుందో చెబుతూ బౌద్ధులను, జైనులను, సిక్కులను కూడా కలిపింది. అంటే శ్రాద్ధం పెట్టను, పిండదానం చేయను అని 22 ప్రతిజ్ఞల్లో ప్రమాణం చేసిన మనం, దత్తత దగ్గరికి వచ్చేసరికి పిండం లెక్కతో తయారైన నియమం కిందికే వస్తున్నాం. చట్టం మనల్ని ఏ వర్గంలో చేర్చిందన్నది ఒక సంగతి. మన మనసులో ఆ లెక్క ఇంకా ఉందా అన్నది మరో సంగతి. ‘ఒకరున్నారు కదా’ అన్న మాట బౌద్ధ కుటుంబాల్లోనూ అంత సహజంగా వినిపిస్తోందంటే, ప్రతిజ్ఞ నోటితో చేశాం గానీ లెక్క ఇంకా మారలేదని అర్థం.

పాళీ సంప్రదాయంలో పుత్రులను నాలుగు రకాలుగా చెప్పేచోట ‘దిన్నకుడు’ అంటే ఇవ్వబడినవాడు కూడా ఉన్నాడు. సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రులకు బుద్ధుడు ఐదు బాధ్యతలు చెప్పాడు. బిడ్డను చెడు నుంచి తప్పించడం, మంచి వైపు నడిపించడం, ఒక విద్యలో తర్ఫీదు ఇప్పించడం, తగిన సంబంధం చూడడం, తగిన సమయంలో ఆస్తి అప్పగించడం. ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ కనడంతో ముడిపడి లేదు. అన్నీ పెంచడానికి సంబంధించినవే.

రెండు దారులు, రెండు ఫలితాలు

చట్టం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇక్కడ పొరపాటు జరిగితే నష్టపోయేది బిడ్డే.

తల్లిదండ్రులు వదిలేసిన, అనాథలైన, లేదా కన్నవాళ్లే ప్రభుత్వానికి అప్పగించిన పిల్లల దత్తతకు జువెనైల్ జస్టిస్ చట్టం రెండో దారి తెరిచింది. 2000 నాటి చట్టంలోని 41వ సెక్షన్, ఇంట్లో ఎంతమంది కొడుకులు, కూతుళ్లు ఉన్నా అదే లింగానికి చెందిన బిడ్డను దత్తత ఇవ్వవచ్చంది. కూతురున్న ఒక హిందూ దంపతులు మరో ఆడపిల్లను దత్తత కోరినప్పుడు ఈ రెండు చట్టాలకు పొత్తు ఎలా అన్న ప్రశ్న బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చింది. నిరాశ్రయులైన పిల్లల పునరావాసం కోసమే చేసిన ప్రత్యేక చట్టానికి 1956 చట్టంలోని నిషేధం అడ్డు రాదని 2009లో న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ తీర్పు ఇచ్చారు. ఒక చట్టం ఇంటివాళ్ల లోటును చూసింది. మరో చట్టం బిడ్డ లోటును చూసింది. రెండూ ఎదురెదురు పడ్డప్పుడు కోర్టు బిడ్డ వైపు నిలబడింది. 2014లో సుప్రీంకోర్టు షబ్నం హాష్మీ కేసులో, ఏ మతంవారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని చెప్పింది.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. దరఖాస్తు కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే కారా, నడిపే పోర్టల్‌లో చేసుకోవాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టుకు బదులు జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు. 63వ సెక్షన్ ప్రకారం ఆ ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి బిడ్డ ఆ దంపతులకు పుట్టిన బిడ్డతో సమానం.

మన కుటుంబాల్లో తరచు ఎదురయ్యే పరిస్థితి ఒకటి చెబుతాం. ఒక దంపతులకు దత్తత తీసుకున్న కొడుకున్నాడు. అన్న, వదిన చనిపోయి వాళ్ల అబ్బాయి మిగిలాడు. ఆ పిల్లవాణ్ణి సాకాలన్న మనసు ఈ దంపతులకు ఉంది. దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే సరిపోతుందని ఎవరో చెబుతారు. 1956 చట్టం కింద రాసే ఆ దస్తావేజు, ఇంట్లో అప్పటికే ఒక దత్తపుత్రుడు ఉన్నాడు కాబట్టి, 5వ సెక్షన్ ప్రకారం చెల్లదు. చెల్లని దత్తత వల్ల కొత్త ఇంట్లో బిడ్డకు ఏ హక్కూ రాదు. రిజిస్టర్ ముద్ర ఉన్నా రాదు. ఆ సంగతి పింఛను దగ్గరో, ఆస్తి పంపకం దగ్గరో, ఇరవై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి అమ్మా నాన్నా అని పిలిచిన వాళ్లు ఉండకపోవచ్చు. అదే దత్తతను 2015 చట్టం 56వ సెక్షన్ కింద బంధువుల దత్తతగా, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా చేయించుకుంటే బిడ్డకు హక్కు నిలుస్తుంది. ప్రేమ ఉంటే చాలు, కాగితాలదేముంది అనేవాళ్లకు మేము చెప్పే జవాబు ఇదే. బిడ్డకు ఎవరూ కాదనలేని స్థానం ఇవ్వడం కూడా ప్రేమలో భాగమే.

2022 దత్తత నిబంధనల్లో మరికొన్ని సంగతులు రెండో దత్తతకు ముఖ్యం. ఇద్దరు, అంతకు మించి పిల్లలున్న దంపతులకు, బంధువుల బిడ్డో సవతి బిడ్డో అయితే తప్ప, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, ఎవరూ ముందుకు రాక మిగిలిపోతున్న పిల్లలను మాత్రమే ఇస్తారు. ఇంట్లో ఒక్కరే ఉంటే ఆ పరిమితి లేదు. దంపతులిద్దరి వయసూ కలిపి లెక్కిస్తారు. రెండేళ్లలోపు బిడ్డకు 85, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 100 దాటకూడదు. భర్తకు 46, భార్యకు 43 అనుకుందాం. మొత్తం 89. చంటిబిడ్డ వాళ్లకు రాదు, మూడేళ్ల బిడ్డ రావచ్చు. మొదటి బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన దంపతులకు రెండోసారి ఎదురయ్యేది చాలావరకు ఇదే. ఒడిలోకి తీసుకున్న చంటిబిడ్డతో నేర్చుకున్నది, నడిచి వచ్చే బిడ్డ దగ్గర సరిపోదు. ఆ బిడ్డకు అప్పటికే అలవాట్లు, భయాలు, బహుశా వేరే భాష కూడా ఉంటాయి.

మంచివిగా కనిపించే కారణాలు

రెండో బిడ్డ ఎందుకని అడిగితే దంపతులు చెప్పే కారణాలు మంచివిగానే ఉంటాయి. వాటినే కొంచెం తరచి చూడాలి.

మొదటిది తోడు. మేము పోయాక పెద్దవాడు ఒంటరి కాకూడదంటారు. ఇందులో నిజముంది. దత్తతకు వచ్చిన ఇద్దరు పిల్లలు ఒకే ఇంట్లో పెరిగితే, బయటివాళ్లకు అర్థంకాని ఒక అనుభవం వాళ్లిద్దరి మధ్యా ఉంటుంది. బళ్లో ఎవరో ‘మీ అసలు అమ్మ ఎవరు’ అని అడిగిన రోజు, ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో రెండోవాడికి చెప్పనక్కర్లేదు. అయితే తోడు దత్తతకు ఫలితంగా రావచ్చు గానీ, బిడ్డకు అప్పగించిన ఉద్యోగం కాకూడదు. వచ్చిన బిడ్డకు అన్నతో పడకపోతే, ఆ బిడ్డ ఉద్యోగంలో విఫలమైనట్టా? వచ్చిన ఆరునెలలకే ‘తోడు కోసం తెస్తే వాడికి మనశ్శాంతి లేకుండా చేసింది’ అన్న మాట ఇళ్లలో మేము విన్నాం. తప్పు ఆ పిల్లది కాదు. ఆమె రాకముందే ఆమెకు నిర్ణయించిన పనిది.

రెండోది, ఆడపిల్ల ఉంది, మగపిల్లవాడు కావాలన్నది. ఇందులో వంశోద్ధారకుడు మళ్లీ తలుపు తడుతున్నాడు. బుద్ధ వందన చేసే ఇంట్లోకి అతను ‘కుటుంబం సంపూర్ణం కావాలి’ అన్న కొత్త పేరుతో వస్తాడు. ఆ ఇంట్లో మొదట వచ్చిన ఆడపిల్ల ఈ మాటను ఎలా అర్థం చేసుకుంటుందో ఒక్కసారి ఆలోచించాలి. తన రాకతో ఆ ఇల్లు సంపూర్ణం కాలేదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

మూడోది పుణ్యం. ఒక అనాథకు బతుకు ఇచ్చాం, ఇంకొకరికీ ఇద్దాం అంటారు. దానం మన ధమ్మంలో గొప్ప పారమి. కానీ దత్తతను దానంగా చూస్తే ఇంట్లో ఒక దాత, ఒక గ్రహీత తయారవుతారు. గ్రహీత జీవితమంతా కృతజ్ఞత చూపించాలి. కన్నబిడ్డ అల్లరి చేస్తే అల్లరి అంటాం, దత్తబిడ్డ అల్లరి చేస్తే విశ్వాసం లేదంటాం. బిడ్డ మన దానానికి పాత్ర కాదు. తన బతుకు తాను బతకడానికి వచ్చిన మరో మనిషి. రెండోసారి దత్తతకు వెళ్లే కుటుంబానికి ఊళ్లో ప్రశంసలు కూడా రెండింతలు వస్తాయి. వేదిక మీద శాలువా కప్పే సమయంలో పక్కన నిలబడ్డ బిడ్డను ప్రదర్శనకు పెట్టినట్టవుతుంది. మన సంఘాలు ఈ అలవాటు మానుకోవాలి.

నాలుగో కారణం బయటికి చెప్పేది కాదు. మొదటి బిడ్డ అనుకున్నట్టు ఎదగలేదు. చదువులో వెనకబడ్డాడు, లేదా మనసు కలవలేదు. ఈసారైనా బాగుంటుందన్న ఆశ. ఈ ఆశతో దరఖాస్తు పెట్టకూడదు. మొదటి బిడ్డతో ఉన్న ముడి విప్పుకునే దాకా ఆగాలి. హోమ్ స్టడీకి వచ్చే సోషల్ వర్కర్ దగ్గర దీన్ని దాచడం సాధ్యమే. కానీ వచ్చే బిడ్డ దగ్గర ఎన్నాళ్లు దాచగలం?

పెద్ద బిడ్డ మాట

ఇంట్లో ఐదేళ్లు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ సమ్మతి కూడా పత్రాల్లో ఉండాలని దత్తత నిబంధనలు అడుగుతాయి. చాలామంది దీన్ని ఒక కాగితంగా చూస్తారు. చాక్లెట్ ఇచ్చి ‘తమ్ముడు కావాలా’ అంటే ఏ పిల్లవాడు కాదంటాడు?

వినయపిటకంలో ఒక సందర్భం ఉంది. బుద్ధుడు కపిలవస్తుకు వచ్చినప్పుడు బాలుడైన రాహులుణ్ణి సంఘంలో చేర్చుకున్నారు. సుద్ధోదనుడు వచ్చి, కొడుకు వెళ్లినప్పుడు పడ్డ బాధ, ఇప్పుడు మనవడు వెళ్లినప్పుడు పడుతున్న బాధ చెప్పుకున్నాడు. ఇకమీద తల్లిదండ్రుల అనుమతి లేనిదే బిడ్డను చేర్చుకోవద్దని కోరాడు. బుద్ధుడు దాన్ని నియమం చేశాడు. ఆ నిర్ణయం వల్ల ఎవరి బతుకు మారుతోందో వాళ్ల బాధను విని ఒక నియమాన్నే ఏర్పరచిన ధమ్మం మనది. ఇక్కడ పెద్దలు పిల్లల మాట వినాలి. దిశ తిరగబడినా సూత్రం అదే.

దత్తతకు వచ్చిన మొదటి బిడ్డకు, రెండో బిడ్డ రాక మామూలు తమ్ముడో చెల్లెలో రావడం లాంటిది కాదు. తన కథను తాను మొదటిసారి కళ్లతో చూడడం. అమ్మా నాన్నా ఫోన్‌లో ఒక ఫోటో, మెడికల్ రిపోర్టు చూస్తుంటారు. తీసుకుంటారో లేదో 48 గంటల్లో చెప్పాలంటారు. ‘ఈ బిడ్డ వద్దు, ఇంకో బిడ్డను చూద్దాం’ అనుకోవడం కూడా ఆ బిడ్డ వింటాడు. అప్పుడు వాడిలో మెదిలే ప్రశ్న ఒకటే. నన్ను కూడా ఇలాగే చూశారా? నాకంటే ముందు ఎవరినైనా వద్దన్నారా? నన్ను కూడా వద్దని ఉండేవారా? వాడు ఇవి పైకి అడగకపోవచ్చు. పక్క తడపడం, బడికి వెళ్లనని మొండికేయడం, చంటివాడిలా ఎత్తుకోమనడం వాడి ప్రశ్నలు. కాబట్టి ఫోటోలు చూసే ముందే బిడ్డతో మాట్లాడాలి. ‘నువ్వు సరిపోక కాదు’ అన్న మాట ఒక్కసారి చెబితే చాలదు. చాలా రోజులు, చాలా రకాలుగా చెప్పాలి. బిడ్డ నిజంగా సిద్ధంగా లేకపోతే ఒక ఏడాది ఆగడంలో నష్టం లేదు.

ఇద్దరి కథలు ఒకటి కావు

వినయపిటకంలోనే జీవకుడి కథ ఉంది. రాజగృహంలో చెత్తకుప్ప మీద పారేసిన పసికందు చుట్టూ కాకులు మూగాయి. దారిన పోతున్న అభయ రాజకుమారుడు ఏమిటదని అడిగాడు. బిడ్డ అన్నారు. బతికి ఉన్నాడా అని అడిగాడు. బతికే ఉన్నాడన్నారు. ఆ మాట నుంచే జీవకుడన్న పేరు వచ్చింది. కుమారుడు పెంచినవాడు కాబట్టి కోమారభచ్చుడన్నారు. బుద్ధుడికీ సంఘానికీ వైద్యం చేసిన ఆ మహావైద్యుడు తన దత్తతను జీవితమంతా పేరులోనే మోశాడు, దాచుకోలేదు. పెద్దయ్యాక నా తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని అడిగితే అభయుడు చెప్పినది ఎంత సూటిగా ఉందో చూడండి. నీ తల్లి ఎవరో నాకు తెలియదు. నిన్ను పెంచాను కాబట్టి నేను నీ తండ్రిని. తెలియనిది తెలియదన్నాడు, ఉన్న బంధాన్ని ఉన్నదన్నాడు. ముసావాదం లేదు.

ఒక్క బిడ్డ ఉన్న ఇంట్లో అభయుడి జవాబు చాలు. ఇద్దరున్న ఇంట్లో మరో చిక్కు వస్తుంది. ఒకరి ఫైల్లో కన్నతల్లి అప్పగింత పత్రం ఉంటుంది. మరొకరు ఊయలలో దొరికారు, తేదీ తప్ప మరేమీ లేదు. ఒకరికి ఎప్పటికైనా వెతుక్కోవడానికి దారి ఉంది, మరొకరికి లేదు. తమ మూలాల గురించి తెలుసుకునే హక్కును నిబంధనలు పిల్లలకు ఇచ్చాయి. కానీ ఫైల్లో లేనిదాన్ని ఏ హక్కూ తెచ్చి ఇవ్వదు. ఇద్దరినీ సమానం చేయాలని, లేని కథ అల్లి చెప్పే తల్లిదండ్రులున్నారు. అలా చేయకూడదు. సమానత్వం అంటే ఇద్దరికీ ఒకే కథ ఇవ్వడం కాదు. ఎవరి నిజాన్ని వాళ్లు మోయడానికి ఇద్దరికీ ఒకే బలం ఇవ్వడం.

తెలుగులో ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం. ధమ్మంలో ఉపేక్ఖ నాలుగు బ్రహ్మవిహారాల్లో ఒకటి. ఇష్టానిష్టాల వైపు ఒరగని సమభావం. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మైత్రి, కరుణ, ముదిత సరిపోవు. ఉపేక్ఖ కావాలి. అది పెద్ద మాటల్లో ఉండదు. ఫీజుల్లో, బట్టల్లో, చుట్టాల ఇంట్లో భోజనం వడ్డించే వరుసలో కనిపిస్తుంది. ఆస్తిలో కూడా. వీలునామా లేకపోతే ఇద్దరికీ సమాన వాటా వస్తుంది. వీలునామా రాస్తే దాన్ని మార్చే అధికారం తల్లిదండ్రులకు ఉంది. పెన్ను చేతిలో ఉన్నవాళ్లు ఆ పూట సిగాలోవాద సుత్తం గుర్తు చేసుకోవాలి.

ఇవ్వనిదాన్ని తీసుకోకుండా

రెండోసారి దరఖాస్తు చేసేవాళ్లకు పోర్టల్‌లో వరుస ఎంత పొడుగో తెలుసు. దేశం మొత్తం మీద ఏటా జరిగే చట్టబద్ధ దత్తతలు నాలుగు వేల దరిదాపుల్లో ఉంటే, ఎదురుచూసేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. చిన్న వయసు, ఆరోగ్యమైన బిడ్డ కోసం మూడేళ్లకు మించి పడుతోంది. అక్కడే ఎవరో వస్తారు. ఫలానా నర్సింగ్ హోమ్‌లో ఒక అమ్మాయి బిడ్డను వదిలేయాలనుకుంటోంది, నేరుగా ఇప్పిస్తామంటారు. మొదటి దత్తతను సక్రమంగా చేసుకున్న కుటుంబాలే రెండోసారి ఈ మాటకు లొంగడం మేము చూశాం.

పంచశీలలో రెండోది ఇవ్వనిదాన్ని తీసుకోకపోవడం. కన్నతల్లి తన మనసారా, బలవంతం లేకుండా అప్పగించిందా? చట్టం ఆమెకు పునరాలోచనకు రెండు నెలల గడువు ఇస్తుంది. ఆ రెండు నెలలను ఎగ్గొట్టి తెచ్చుకున్న బిడ్డ, ఇవ్వబడిన బిడ్డ కాడు. అది నేరం కూడా. 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. బిడ్డను కొనడం, అమ్మడం అయితే 81వ సెక్షన్ కింద ఐదేళ్లు. 1999, 2001 సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తండాల ఆడశిశువులను అతి తక్కువ డబ్బుకు కొని దత్తతకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. ఆ తల్లులు లంబాడీ తల్లులు, పేద తల్లులు. దత్తత వల్ల ఖాళీ అయిన ఆ ఒళ్లు మనలాంటి వాళ్లవే. బహుజన కుటుంబాలుగా మనకు ఈ జ్ఞాపకం అందరికంటే ఎక్కువ ఉండాలి.

అందుకే మేము ఒక మాట ముందుగా చెబుతాం. పేదరికం వల్ల మాత్రమే బిడ్డను వదులుకోబోతున్న తల్లి కనిపిస్తే, ఆ బిడ్డకు మన ఇంట్లో చోటు వెతకడం కంటే ఆ తల్లి ఒడిలోనే చోటు నిలబెట్టడం ముందు పని. మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. దరఖాస్తు నింపడం, బాలల సంక్షేమ కమిటీ దాకా తోడు వెళ్లడం మన విహారాలు చేయగల పని. రెండో బిడ్డను చట్టబద్ధంగా ఇంటికి తెచ్చుకోవడం ఒక మంచి పని. ఎవరి బిడ్డ వాళ్ల దగ్గరే ఉండేలా చూడడం మరో మంచి పని. ఒకటి చేసేవాళ్లు మరొకటి మరచిపోకూడదు.

ఒక్క బిడ్డతో ఆగిపోవడం కూడా తప్పు కాదు. వయసు, ఆదాయం, ఆరోగ్యం, ఇంట్లో ఉన్న బిడ్డ అవసరం చూసుకుని ‘మాకు ఇంతే శక్తి’ అనుకున్న కుటుంబం ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. శక్తికి మించి తెచ్చుకుని, కుదరక బిడ్డను శిశు గృహకు తిరిగి అప్పగించడం కంటే మొదటే ఆగడం కరుణ. రెండుసార్లు వదిలిపెట్టబడ్డ బిడ్డకు ఆ గాయం మానడం చాలా కష్టం.

ఫూలే దంపతుల ఇల్లు ఇక్కడ మనకు దారి చూపిస్తుంది. 1863లో పుణెలో వాళ్లు వితంతువుల కాన్పుల కోసం, ఆ పిల్లల ప్రాణాలు కాపాడడం కోసం ఒక ఆశ్రయం తెరిచారు. 1874లో ఒక బ్రాహ్మణ వితంతువుకు పుట్టిన బిడ్డను దత్తత తీసుకుని యశ్వంత్ అని పేరు పెట్టారు. ఆ బిడ్డ వైద్యుడయ్యాడు. 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ సావిత్రిబాయి ప్రాణం వదిలింది అతను వైద్యం చేస్తున్న చోటనే. చట్టం కళ్లకు వాళ్ల దత్తబిడ్డ ఒక్కడే. వాళ్లు కాపాడిన పిల్లలు ఎందరో. ఇంట్లో ఎంతమందిని చేర్చుకున్నామన్న లెక్కతో ఆ మాతృత్వాన్ని ఎవరూ కొలవలేదు.

మెత్త సుత్తంలో ఒకే బిడ్డ ఉన్న తల్లి పోలిక ఉంది. తన ప్రాణం ఒడ్డి ఆ బిడ్డను కాపాడుకునే తల్లిలా సమస్త జీవుల పట్లా మనసు ఉండాలని అందులో బోధ. చాలామంది ఇందులో ‘ఒకే బిడ్డ’ అన్న మాటనే పట్టుకుంటారు. ప్రేమ ఒక్కరికైతేనే పూర్తిగా దక్కుతుందని, ఇద్దరైతే సగం సగం అవుతుందని అనుకుంటారు. బుద్ధుడు అడుగుతున్నది ఆ తల్లి చూపును. ఆ చూపు ఎంతమంది మీద పడ్డా తరగదన్నదే ఆ బోధ. రెండో బిడ్డ కోసం దరఖాస్తు నింపే ముందు దంపతులు ఒకరినొకరు అడగవలసిన ప్రశ్న కూడా అక్కడే ఉంది. రేపు వచ్చే బిడ్డను, ఇంట్లో వాడు ఒక్కడే ఉన్నట్టు చూడగలమా? ఇప్పుడున్న బిడ్డను, రేపు కూడా వాడు ఒక్కడే ఉన్నట్టు చూడగలమా? రెండింటికీ అవునని చెప్పగలిగితే దరఖాస్తు నింపవచ్చు. ఒక్కదానికి జవాబు తడబడితే, ఆ తడబాటు తీరే దాకా కాగితాన్ని బల్ల మీదే ఉంచవచ్చు.